సోషియాలజీ హానర్ సొసైటీలో చేరాలా, డబ్బు దండగేనా?

మునగచెట్టు:
మా చెల్లి డల్లాస్ దగ్గర బీఏ సోషియాలజీ చదువుతోంది. మూడో ఏడు, జీపీఏ నాలుగుకి 3.6. సోషియాలజీలో మంచి మార్కులు వచ్చినవాళ్ళను సభ్యులుగా చేర్చుకునే హానర్ సొసైటీ ఆల్ఫా కప్పా డెల్టాలో చేరమని డిపార్ట్‌మెంట్ నుంచి మెయిల్ వచ్చింది. ఒక్కసారి ఫీజు కడితే జీవితాంతం సభ్యత్వమట. "డబ్బు కట్టించుకుని ఇచ్చే గౌరవం ఏం గౌరవం?" అంటున్నారు మా నాన్న. మీరేమంటారు?

ఉత్తరేణి:
మీ నాన్నగారి మాటే నాదీ. నా మొదటి సెమిస్టర్ మార్కులు రాకముందే ఏదో హానర్ సొసైటీ నుంచి బంగారు రంగు అక్షరాల కవరు వచ్చింది. ఏం చూసి పిలిచారో! మురిసిపోయి కట్టాను. ఒక పిన్ను పంపారు. ఇప్పుడది సొరుగులో పాత తాళాల మధ్య ఉంది.

గళ్ళలుంగీ:
రెండిటినీ ఒకే గాటన కట్టకండి. ఆల్ఫా కప్పా డెల్టాను 1920లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఎమొరీ బొగార్డస్ మొదలుపెట్టాడు. మన దగ్గర ఎంఏ సోషియాలజీ చదివినవాళ్ళకు తెలిసిన పేరే. ఫలానా జాతివాళ్ళను పక్కింట్లో ఉండనిస్తారా, వాళ్ళతో వియ్యమందుతారా అని అడిగి సామాజిక దూరాన్ని కొలిచే స్కేలు ఆయనదే. 'సోషియలాజికల్ ఎంక్వయిరీ' ఈ సొసైటీ పత్రిక. పైగా అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాల్లో మామూలు డిగ్రీకి జీఎస్-5 అనే జీతం గ్రేడు అయితే, గుర్తింపు ఉన్న హానర్ సొసైటీ సభ్యులకు అంతకన్నా పైదైన జీఎస్-7కి అర్హత ఉంటుంది.

ఉత్తరేణి:
ఆగండాగండి. ఆ నిబంధన ప్రకారమే జీపీఏ 3.0 ఉన్నా జీఎస్-7 అర్హత వస్తుంది. ఆ అమ్మాయికి 3.6 ఉందిగా! ఇక ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉంటే ఆ గోలే లేదు, ఆ ఉద్యోగాలకు దాదాపు అన్నిటికీ అమెరికా పౌరసత్వం కావాలి.

గళ్ళలుంగీ:
అది ఒప్పుకుంటాను, ఉద్యోగం మాట వదిలేయండి. సభ్యులైన విద్యార్థులకు ఏటా పరిశోధనా వ్యాసాల పోటీ పెడతారు. నా దృష్టిలో అసలు సరుకు అదే. పంపడానికి చేతిలో పేపర్ ఉందా, చదివి తప్పులు చెప్పే ప్రొఫెసర్ ఉన్నారా అని చెల్లిని అడగండి. రెండూ లేకపోతే రెజ్యూమేలో ఒక లైను, అంతే.

మునగచెట్టు:
అడిగాను. వాళ్ళ కాలేజీలోని సొసైటీ శాఖ (చాప్టర్) పోయినేడు చేసిందల్లా సభ్యుల్ని చేర్చుకోవడం, పిజ్జా తినడం. కానీ పేపర్ ఉందట! తెలుగు స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే "రూమ్మేట్ కావలెను" మెసేజ్‌ల మీద రాసింది. "వెజ్ మాత్రమే", "మన వైపు వాళ్ళయితే బాగుంటుంది" లాంటివి ఏరి, కులం పేరెత్తకుండా కులం ఎలా అడుగుతారో చూపించిందట.

ఉత్తరేణి:
ఇది ముందే చెప్పాల్సింది కదండీ! కట్టెయ్యండి ఫీజు. ఆ పేపర్ నాకూ పంపమనండి, మా రూమ్ వెతుకులాట గుర్తొచ్చింది.

మునగచెట్టు:
ఫీజు నేనే కడుతున్నాను. నాన్నకు మాత్రం పేపర్ సంగతి ఇప్పుడే చెప్పొద్దంటోంది. అందులో ఒక మెసేజ్ ఆయన రాయించిందేనట.