అధ్యాపక పోస్టులు లేకుండా కొత్త డిగ్రీ కోర్సును విశ్వవిద్యాలయం ఆమోదించవచ్చా?

విశ్రాంత గణిత ఆచార్యుడు

కొన్నేళ్లుగా మన రెండు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో డేటా సైన్స్, కృత్రిమ మేధ వంటి పేర్లతో కొత్త బీఎస్సీ కోర్సులు పెరుగుతున్నాయి. కోర్సు పేరు ఎంత కొత్తదైనా అది ఆమోదం పొందే దారి మాత్రం పాతదే. శాఖ ప్రతిపాదన తయారుచేస్తుంది, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సిలబస్‌ను పరిశీలిస్తుంది, ఆ తర్వాత అది అకడమిక్ సెనేట్‌కూ పాలకమండలికీ వెళుతుంది. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం చదువుకు సంబంధించిన నిర్ణయాలను సెనేట్‌కూ, నిధులు, నియామకాల వంటి పాలనా వ్యవహారాలను పాలకమండలికీ అప్పగించింది. దీనివల్ల ఏం చెప్పాలన్నది ఒక సమావేశంలో తేలిపోతుంది గానీ, ఎవరు చెప్పాలన్నది ఏ సమావేశంలోనూ తేలకుండా మిగిలిపోతోంది.

నేను కూర్చున్న బోర్డు సమావేశాల్లో గంటల తరబడి యూనిట్ల గురించీ క్రెడిట్ల గురించీ మాట్లాడుకున్నాం. మెషీన్ లెర్నింగ్ పేపరును ఐదో సెమిస్టరులో పెట్టాలా, నాలుగో సెమిస్టరులోనా అని వాదించుకున్నాం. ఆ పేపరు చెప్పగలిగిన మనిషి కళాశాలలో ఉన్నారా అని అడిగినప్పుడు, అది మన పరిధిలోని విషయం కాదన్నదే సమాధానం. నా ప్రతిపాదన ఇది: కనీసం రెండు పూర్తికాల అధ్యాపక పోస్టుల మంజూరు ఉత్తర్వు జతచేయని ప్రతిపాదనను సెనేట్ చర్చకే తీసుకోకూడదు. చెప్పేవారు లేని కోర్సుకు ఆమోదముద్ర వేయడమంటే పిల్లల మూడేళ్ల కాలాన్ని తెలిసి తెలిసి పణంగా పెట్టడమే.

ప్రభుత్వ డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్

ఆచార్యులవారి ఆవేదన నాకు అర్థమవుతోంది గానీ, వారు సూచించిన నిబంధన అమలైతే మా వంటి మండల కేంద్రాల కళాశాలలకు కొత్త కోర్సు ఎన్నటికీ రాదు. పోస్టులను మంజూరు చేసేది ఆర్థిక శాఖ. అక్కడికి ఫైలు పంపితే ముందుగా అడిగేది పనిభారం ఎంతో చూపించమని. కోర్సు మొదలై, విద్యార్థులు చేరి, వారానికి ఇన్ని పీరియడ్లని లెక్క తేలితే తప్ప పనిభారం చూపించలేము. పోస్టు లేనిదే కోర్సు లేదని మీరు, కోర్సు లేనిదే పోస్టు లేదని వారు అంటే, మధ్యలో నష్టపోయేది మా ఊరి పిల్లలే.

తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా డిగ్రీ ప్రవేశాలు జరుగుతున్నాయి. విద్యార్థి ఇంట్లో కూర్చునే రాష్ట్రంలోని కళాశాలలన్నింటినీ పోల్చి చూసుకుంటున్నాడు. పాత కాంబినేషన్లు మాత్రమే ఉన్న కళాశాలను వదిలి తన సిలబస్‌ను తానే రూపొందించుకునే హైదరాబాదులోని స్వయంప్రతిపత్తి కళాశాలను ఎంచుకుంటున్నాడు. అక్కడికి వెళ్లే స్తోమత ఉన్నవాడు వెళతాడు. ఆడపిల్లను అంత దూరం పంపలేని ఇంట్లో ఆ చదువు అక్కడితో ఆగిపోతుంది. అందుకే మేము గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ శాఖలవారిని కూర్చోబెట్టి పేపర్లు పంచుకుని కొత్త కోర్సు మొదలుపెట్టాము. లోటుపాట్లు ఉన్నాయి, కాదనను. అయినా ఆ కోర్సు లేకపోవడం కంటే ఉండడమే మేలని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

అతిథి అధ్యాపకురాలు, స్టాటిస్టిక్స్

ప్రిన్సిపాల్ గారూ, ఆ లోటుపాట్లు తరగతి గదిలో ఎలా ఉంటాయో చెప్పడానికి రాస్తున్నాను. మేము పాఠం చెప్పిన పీరియడ్ల లెక్కన డబ్బు వస్తుంది, వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియదు. నేను ఇంతకుముందు పనిచేసిన కళాశాలలో సెమిస్టరు మధ్యలో ఒక సహోద్యోగి మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోతే, ఆయన చెబుతున్న పైథాన్ పేపరును ఆ భాషలో ఒక్క ప్రోగ్రాము కూడా రాయని మరో అధ్యాపకురాలికి అప్పగించారు. ఆమె రాత్రంతా చదువుకుని వచ్చి పొద్దున చెప్పేవారు. తప్పు ఆమెది కాదు. అయితే చివరి ఏడాది ప్రాజెక్టు సమయానికి పిల్లలకు మార్గదర్శనం చేసేవారే లేకపోయారు.

ఈ చర్చలో ఇంకా ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం స్వయంప్రతిపత్తి కళాశాల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఆ శాఖ అధ్యాపకులతోపాటు ఉపకులపతి నియమించే నిపుణుడు, బయటి విషయనిపుణులు, పరిశ్రమ ప్రతినిధి, పూర్వ విద్యార్థి ఉండాలి. మంచి ఏర్పాటే. కానీ నేను పనిచేసిన చోట కొత్త కోర్సులో ఎక్కువ పేపర్లు చెప్పింది మావంటి తాత్కాలిక అధ్యాపకులమే అయినా, బోర్డు సమావేశానికి మమ్మల్ని పిలవలేదు. ఏ యూనిట్ సమయానికి పూర్తికాదో, ఏ ప్రయోగానికి ల్యాబులో కంప్యూటర్లు సరిపోవో తెలిసినవారి మాట వినకుండానే సిలబస్ ఖరారవుతోంది. ఆచార్యులవారు కోరుతున్న శాశ్వత పోస్టులు వచ్చేలోగా, కనీసం మూడేళ్ల కాంట్రాక్టునూ బోర్డులో ఒక స్థానాన్నీ ఆమోదానికి షరతుగా పెట్టమని నా విన్నపం.

విశ్వవిద్యాలయ అకడమిక్ విభాగంలో పనిచేసిన ఉద్యోగి

అందరూ సెనేట్ ఆమోదమే చివరి మాట అన్నట్లు మాట్లాడుతున్నారు. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, యూజీసీ గెజిట్‌లో ప్రకటించిన డిగ్రీలను మాత్రమే విశ్వవిద్యాలయం ప్రదానం చేయగలదు. బీఎస్సీ అనేది ఆ జాబితాలో ఉంది కాబట్టి డేటా సైన్స్‌ను బీఎస్సీ కింద పెట్టుకోవచ్చు. అదే కోర్సుకు ఆకర్షణ కోసం సొంతంగా ఒక కొత్త డిగ్రీ పేరు పెడితే, సెనేట్ ఏకగ్రీవంగా ఒప్పుకున్నా ఆ పట్టాకు గుర్తింపు చిక్కులు తప్పవు. బీబీఏ, బీసీఏ కోర్సులు 2024-25 నుంచి అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) పరిధిలోకి వెళ్లాయి. దూరవిద్యలో చెప్పాలంటే యూజీసీ అనుమతి మళ్లీ వేరుగా తీసుకోవాలి.

హడావుడి ఆమోదం ఎక్కడికి దారితీస్తుందో ఢిల్లీ విశ్వవిద్యాలయం చూపించింది. అక్కడి అకడమిక్, ఎగ్జిక్యూటివ్ కౌన్సిళ్లు 2012 డిసెంబరులో నాలుగేళ్ల డిగ్రీని రోజుల వ్యవధిలో ఆమోదించాయి. తగినంత చర్చ జరగలేదని అధ్యాపకులు ఎంత మొత్తుకున్నా 2013 జూలైలో తరగతులు మొదలయ్యాయి. యూజీసీ ఆదేశంతో 2014 జూన్‌లో దాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది. అప్పటికే ఏడాది పాటు ఫౌండేషన్ కోర్సులు చదివిన పిల్లలను మూడేళ్ల చట్రంలోకి మార్చారు. నాలుగేళ్ల డిగ్రీ అన్న ఆలోచనే చెడ్డదని నేను అనడం లేదు. జాతీయ విద్యావిధానం తర్వాత 2022లో అదే విశ్వవిద్యాలయం దాన్ని మళ్లీ ప్రవేశపెట్టింది. ఇప్పుడు 120 క్రెడిట్లకు మూడేళ్ల డిగ్రీ, 160 క్రెడిట్లకు నాలుగేళ్ల ఆనర్స్ అని దేశమంతటికీ ఒక చట్రం ఉంది. మొదటిసారి పిల్లలను ఇబ్బంది పెట్టింది తొందరపాటే.

ఒక విద్యార్థిని తండ్రి

అయ్యా, మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. కళాశాలవారు కొత్త పేరున్న జీవశాస్త్ర కోర్సు చూపించి చేరమంటున్నారు. రేపు బీఈడీ చేసి ఉపాధ్యాయురాలు కావాలన్నది ఆమె కోరిక. నియామక ప్రకటనల్లో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం అని విషయాల పేర్లు రాస్తారు గదా, ఈ కొత్త పేరు పట్టాతో దరఖాస్తు చేస్తే తీసుకుంటారా అని అడిగితే కౌంటరు దగ్గర ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి అడిగినా అదే పరిస్థితి. ఆమోదం ఇచ్చేటప్పుడే, ఈ డిగ్రీతో ఏ ఉద్యోగాలకూ ఏ పై చదువులకూ అర్హత ఉంటుందో విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా ప్రకటిస్తే మావంటి వారికి ఎంతో మేలు జరుగుతుంది.

విశ్రాంత గణిత ఆచార్యుడు

ఆ తండ్రిగారు అడిగినది పూర్తిగా న్యాయం. సమాన అర్హత ప్రకటన లేని ప్రతిపాదనను సెనేట్ వెనక్కి పంపాలి. ఈ విషయంలో మనలో ఎవరికీ భిన్నాభిప్రాయం ఉండదనుకుంటాను.

పోస్టుల విషయానికి వస్తే, ప్రిన్సిపాల్ గారు చెప్పిన చిక్కుముడి నిజమైనదే. దానికి నేను చెప్పగల మార్గం తాత్కాలిక ఆమోదం. మొదటి మూడు బ్యాచ్‌ల వరకే అనుమతి ఇవ్వాలి. మొదటి బ్యాచ్ చివరి ఏడాదికి వచ్చేసరికి పూర్తికాల అధ్యాపకులు రాకపోతే కొత్త ప్రవేశాలు నిలిపివేసి, చేరినవారి చదువు పూర్తిచేయించే బాధ్యతను విశ్వవిద్యాలయమే తీసుకోవాలి. ఈ మాట సెనేట్ తీర్మానంలోనే ఉండాలి, ఎందుకంటే ఒకసారి మొదలైన కోర్సును మళ్లీ సమీక్షించిన సందర్భాలు నా అనుభవంలో చాలా తక్కువ.

దీనికి అవతలివైపు కూడా చూడాలి. కొత్త కోర్సు రావడానికి నాలుగు మెట్లున్నాయి గానీ, పాత కోర్సు పోవడానికి ఒక్క మెట్టూ లేదు. తెలుగు సాహిత్యమో, చరిత్రో, తత్వశాస్త్రమో తీసుకునేవారు తగ్గితే ప్రవేశాల జాబితాలోంచి ఆ పేరు చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. ఆ విషయం చెప్పే అధ్యాపకుడు పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మూడు విషయాల కాంబినేషన్ల స్థానంలో ఒకే ప్రధాన విషయం (మేజర్) ఎంచుకునే విధానం వచ్చాక ఈ భయం నాకు మరింత పెరిగింది. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిసిన హెచ్‌ఈపీలో భాగంగా చరిత్ర చదివే విద్యార్థి ఉండేవాడు. చరిత్రనే మేజర్‌గా ఎంచుకోమంటే ఎంతమంది ముందుకు వస్తారు? ఒక జిల్లాలో ఒక విషయం పూర్తిగా కనుమరుగవుతున్నప్పుడు దాన్ని ఆపడమో, పోనివ్వడమో సెనేట్ చర్చించి తీర్మానించవలసిన విషయం కాదా? కొత్త కోర్సుకు ఆమోదం కోరే ప్రతి ప్రతిపాదనలోనూ దానికోసం ఏ కోర్సు గదులనూ పోస్టులనూ వాడుకోబోతున్నారో రాయించాలని నా కోరిక.

ప్రభుత్వ డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్

గదులూ పోస్టులూ ఎక్కడివో రాయించాలన్న సూచననూ, అతిథి అధ్యాపకులకు బోర్డులో చోటు ఇవ్వడాన్నీ సమర్థిస్తాను. అమ్మా, మా కళాశాలలో ఈసారి మీవంటి వారిని తప్పక పిలుస్తాము.

ప్రవేశాల నిలిపివేతను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను. పోస్టు ఇవ్వనిది ప్రభుత్వం, శిక్ష పడేది కళాశాలకు. దానికి బదులు జిల్లాలోని మూడు నాలుగు కళాశాలలను ఒక సముదాయంగా కలిపి, అధ్యాపకులు వారంలో రెండేసి రోజులు ఒక్కో చోట చెప్పేలా సెనేట్ ఆమోదించాలి. వారి ప్రయాణ ఖర్చులను విశ్వవిద్యాలయం భరించాలి. అనుబంధ కళాశాలల నుంచి ఏటా వసూలుచేసే అనుబంధ రుసుములోంచి అందుకు కొంత కేటాయించమని పాలకమండలిని అడుగుదాము. ఆచార్యులవారు అంగీకరిస్తే ఇద్దరి పేర్లతోనూ ఆ లేఖ రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నిలిపివేత షరతు ఆ లేఖలో ఉండాలా వద్దా అన్నది ముందుగా తేల్చుకోవాలి.