ఖరగ్‌పూర్ నేస్తం ఆరు గంటలు బరంపురంలో దిగుతోంది, ఎక్కడ కూర్చోవాలి?

అడిగినవారు: కోర్టుపేట వదిన

అందరికీ నమస్కారం. నాతో పదో తరగతి దాకా ఇక్కడే తెలుగు మీడియంలో చదివిన నేస్తం ఖరగ్‌పూర్ నుంచి విశాఖ వెళ్తూ దారిలో బరంపురంలో దిగుతానంటోంది. ఉదయం పదకొండుకి దిగితే సాయంత్రం ఐదున్నరకి మళ్ళీ బండి. మేం చూసుకుని 22 ఏళ్ళయింది. ఇంటికి తీసుకొస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా అత్తగారు ఖరగ్‌పూర్‌లో తనకు తెలిసిన రైల్వేవాళ్ళందరి క్షేమసమాచారం అడుగుతారు. తను హాల్లో, నేను వంటింట్లో. అందుకే బయట ఎక్కడైనా అనుకుంటున్నాను.

తనకు మోకాళ్ళ నొప్పి. పైగా కార్తీకమాసం చేస్తోంది, ఉల్లి వెల్లుల్లి ముట్టదు. వచ్చేది పౌర్ణమి మర్నాడు. సూట్‌కేసు గురించి టెన్షన్ లేదు, మావారు స్టేషన్‌కి వచ్చి ఇంటికి పట్టుకుపోతారు. గోపాల్‌పూర్ తీసుకెళ్ళనా, ఊళ్ళోనే ఉండనా?

జవాబు: సముద్రం గాలి

ఇందులో ఆలోచించడానికేముందండీ, గోపాల్‌పూరే. 16 కిలోమీటర్లు, ఆటో మాట్లాడుకుంటే ముప్పావుగంట వేసుకోండి. గట్టు మీద కూర్చుని ఎంతసేపు మాట్లాడుకున్నా లేవమనేవాడు ఉండడు. లైట్‌హౌస్ మాత్రం వదిలేయండి, మోకాళ్ళ నొప్పితో ఆ మెట్లు కష్టం. నీళ్ళలోకీ దిగొద్దు, అక్కడ కెరటం లాగేస్తుంది. చూడ్డానికే ఆ సముద్రం.

జవాబు: పాత బస్టాండ్ అన్నయ్య

అన్నగారికి సముద్రం తప్ప ఇంకేమీ కనపడదు. అమ్మా, లెక్క వేసుకోండి. బండి పదకొండుకే వస్తుందని ఏమిటి నమ్మకం? రానూ పోనూ ఆటోలో గంటన్నర పోతుంది. నడినెత్తిన ఎండలో ఇసుక దగ్గర కూర్చోవాలి. నాలుగు దాటిందో లేదో ఇద్దరూ గడియారం చూసుకోవడం మొదలుపెడతారు, ఇక కబుర్లేం సాగుతాయి?

ఇంకో మాట. ఇది తుపాన్ల కాలం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పట్నుంచీ దసరా వెళ్ళాక సముద్రం పేరెత్తితే మా అమ్మ ఒప్పుకోదు. అల్పపీడనం ఉందేమో ముందురోజు చూసుకోకుండా అటు బయల్దేరొద్దు.

జవాబు: గంజాం కోడలు

అందరూ దూరం గురించే మాట్లాడుతున్నారు, తేదీ ఎవరూ చూడలేదు. పౌర్ణమి మర్నాడంటే ఛాడఖాయి, ఒడియావాళ్ళు మళ్ళీ చేపా మాంసం మొదలుపెట్టే రోజు!

మా అత్తవారు ఒడియావాళ్ళు కాబట్టి ఏటా చూస్తున్నాను. వాళ్ళకు కార్తీకం పౌర్ణమితో అయిపోతుంది, మనకు అమావాస్య దాకా ఉంటుంది. పౌర్ణమితో కలిపి ఆఖరి అయిదు రోజులూ పంచుక. ఆ రోజుల్లో కొంగ కూడా చేపను ముట్టదని వాళ్ళ మాట. అలా నెలంతా నోరు కట్టుకున్నవాళ్ళు మర్నాడు తెల్లారేసరికి చేపల బజారులో, మాంసం కొట్ల ముందు వరస కట్టేస్తారు. మధ్యాహ్నానికి హోటళ్ళలో కుర్చీ దొరకదు. దొరికినా నలువైపులా మటన్ వాసనే. నేస్తం నియమంలో ఉంది, మీరు పక్కన కూర్చోబెట్టి ఏం పెడతారు? పంచుకలో అయితే ఉల్లి లేకుండా చేయమంటే ఏ హోటల్లోనైనా సరేనంటారు. ఆ రోజు అడిగితే మొహం వేలాడేస్తారు.

కాబట్టి భోజనం బయట పెట్టుకోవద్దు. ఇంట్లో వండుకుని పట్టుకెళ్ళండి. మూడింటికి రద్దీ తగ్గాక ఏదైనా పెద్ద హోటల్లో టీ తాగండి. మూడు నుంచి నాలుగున్నర దాకా బల్లలు ఖాళీగా ఉంటాయి, ఎవరూ తొందరపెట్టరు. టీలు ఒకేసారి కాకుండా అరగంటకోటి చెప్పుకుంటే సరి. కుర్రాళ్ళ కేఫ్‌లకు మాత్రం వెళ్ళకండి. మొన్న మా ఆడపడుచుతో ఒకదానికి వెళ్తే పాటల హోరుకి అరుచుకుంటూ మాట్లాడాల్సి వచ్చింది, ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ గొంతు బొంగురు.

జవాబు: నేత వీధి మనవరాలు

పట్టుచీరల కొట్టుకి వెళ్తే కూర్చోబెట్టి చీరలు పరుస్తారు కదా, అక్కడే మాట్లాడుకోవచ్చు. బరంపురం పట్టు, ఫోడా కుంభ అంచు, ఖరగ్‌పూర్‌లో ఎక్కడ దొరుకుతుంది?

కోర్టుపేట వదిన

తల్లీ, తనకు చీరల పిచ్చి ఎంతో నీకు తెలియదు. కొట్లోకి అడుగుపెడితే ఐదున్నర బండి చీరల మధ్యే వెళ్ళిపోతుంది!

గోపాల్‌పూర్ మానేశాను. అన్నయ్యగారి లెక్క నిజమే. ఛాడఖాయి సంగతి అస్సలు తట్టలేదు, చిన్నప్పట్నుంచీ ఈ ఊళ్ళోనే ఉండి కూడా. రామలింగం చెరువు పార్కు ఎలా ఉంటుంది?

జవాబు: పాత బస్టాండ్ అన్నయ్య

సాయంత్రమైతే బాగుంటుంది. ఊళ్ళో చాలా పార్కులకు మధ్యాహ్నం గేటు వేసేస్తారు, వేళలు ముందురోజే కనుక్కోండి. ఇంకో చిక్కు. పౌర్ణమి తెల్లవారుజామున ఒడియావాళ్ళు అరటి దొప్పల పడవల్లో దీపాలు పెట్టి వదులుతారు కదా, మన పోలి పాడ్యమి దీపాల్లాగా. మర్నాటికి అవన్నీ చెరువు గట్టుకు కొట్టుకొచ్చి ఉంటాయి.

జవాబు: గంజాం కోడలు

వదినా, ఇంత ఆలోచన ఎందుకు? కార్తీకం కదా, ఇద్దరే వనభోజనం పెట్టుకోండి. ఉసిరి చెట్టున్న తోట ఒకటి చూసుకోండి. ఆవిడ నియమమూ చెడదు, బిల్లూ రాదు. కింద కూర్చోలేరు కాబట్టి మడతకుర్చీలు రెండు మరిచిపోవద్దు.

కోర్టుపేట వదిన

మా వీధి చివర శివాలయం వెనక తోటలో ఉసిరి చెట్టుంది! పూజారిగారిని అడిగాను. ఎంగిలాకులు అక్కడ వదలకపోతే చాలన్నారు.

కోర్టుపేట వదిన (వారం తర్వాత)

అడిగారు కాబట్టి చెప్తున్నాను. బండి గంటా పది నిమిషాలు లేటు. గోపాల్‌పూర్ పెట్టుకుని ఉంటే దారిలోంచే వెనక్కి తిరగాల్సి వచ్చేది. పులిహోర, దద్దోజనం, అరటికాయ వేపుడు, బెల్లం పరమాన్నం పట్టుకెళ్ళాను. వేపుడులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. తను మొత్తం తినేశాక చెప్పింది, చిన్నప్పుడు డబ్బా విప్పినా నాది ఇంతేనట. మధ్యలో ఎవరి పిల్లలో వచ్చి ఉసిరికాయలు కోసుకుంటూ మా ఎదురుగానే నిలబడ్డారు. పిల్లలు వెళ్ళేదాకా తన భర్త పోయిన సంగతి చెప్పకుండా ఆగింది. ఆ సంగతి నాకు ఫోన్లో ఎప్పుడూ చెప్పలేదు. హోటల్ టీకి వెళ్ళనేలేదు, లేవాలనిపించలేదు.

నాలుగున్నరకి సూట్‌కేసు తీసుకుని మావారు వచ్చారు, ముగ్గురం స్టేషన్‌కి వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉండగా అత్తగారి ఫోన్. ఖరగ్‌పూర్‌లో ఫలానా గార్డుగారి కుటుంబం ఎలా ఉందో కనుక్కోమన్నారు. స్పీకర్ పెట్టి తన చేతికిచ్చాను. బండి వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకున్నారు.