కేరళ, పోర్టో అలెగ్రి, దక్షిణాఫ్రికాలను పోల్చాలంటే దేన్ని కొలవాలి?

సోషియాలజీ పీజీలో డిసర్టేషన్ రాస్తున్నాను. స్థానిక పాలనలో ప్రజల భాగస్వామ్యం ఎలా ఉందో చూడటానికి సామాజిక శాస్త్రవేత్త పాట్రిక్ హెల్లర్ కేరళ, బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రి నగరం, దక్షిణాఫ్రికాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఓటు హక్కు ఉన్నంత మాత్రాన పేదల మాట చెల్లదు, ఎన్నికలు లేని రోజుల్లోనూ వాళ్లు సంఘటితంగా ఉండాలి అన్నది నాకు అర్థమైన సారం.

కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక (స్థానిక అభివృద్ధి పనులను జనమే కూర్చుని ప్లాన్ చేసుకునే కార్యక్రమం) మొదలై, ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు కేటాయించారు. పోర్టో అలెగ్రిలో 1989 నుంచి నగర బడ్జెట్ మీద సభలు పెట్టి, మురుగుకాల్వ ముందా రోడ్డు ముందా అన్నది జనాన్నే తేల్చుకోమన్నారు. దక్షిణాఫ్రికాలో 1994లో అందరికీ ఓటు వచ్చింది, రాజ్యాంగమూ గట్టిదే. అసమానత మాత్రం ప్రపంచంలోనే తీవ్రమైన వాటిలో ఒకటిగా ఉండిపోయింది.

నా చిక్కల్లా కొలత దగ్గరే. సభకు ఎంతమంది వచ్చారో హాజరు పట్టీ చెబుతుంది. కానీ ఎవరు నోరు విప్పారు, ఎవరు అడిగిన పని బడ్జెట్‌లోకి ఎక్కింది? సంతకాలు లెక్కపెట్టి ఇదే ప్రజాస్వామ్యం అంటే మా గైడ్ ఒప్పుకోరు (ఒప్పుకోకూడదు కూడా).

ఇంకో టెన్షన్: కేరళలో, పోర్టో అలెగ్రిలో ఇవి మొదలుపెట్టింది వామపక్షాలే. కేరళలో ఓడిపోతామన్న భయం అధికార పార్టీకి ఎప్పుడూ ఉండేది. 1994 తర్వాత చాలాకాలం దక్షిణాఫ్రికా అధికార పార్టీకి అది లేదు. మరి ఫలితం ఉద్యమాల బలం వల్లా, పార్టీల పోటీ వల్లా? మూడే ఉదాహరణలతో ఈ రెంటినీ విడదీయడం కుదురుతుందా?

గ్రామసభల మీద ఫీల్డ్‌వర్క్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, మినిట్స్ పుస్తకాలను ఎంతవరకు నమ్మారో, వాటికి తోడు ఇంకేం చూశారో దయచేసి చెప్పండి.