ఏ పని ముందు చేయాలో పిల్లలకే వదిలేయవచ్చా?

పర్లాకిమిడి టీచర్:
అందరికీ నమస్కారం. ఒడిశా గజపతి జిల్లాలో ఒక తెలుగు మీడియం ప్రాథమిక బడిలో పనిచేస్తున్నాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి, మూడింటికీ టీచర్ని నేనొక్కదాన్నే. ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతా వాళ్లు "అయిపోయింది టీచర్, ఇప్పుడేం చేయాలి?" అని చుట్టూ మూగేవారు. రోజంతా ఆ ఒక్క ప్రశ్నతోనే సరిపోయేది.

జూలై నుంచి పద్ధతి మార్చాను. పొద్దున్నే బోర్డు మీద ఒక్కో తరగతికి నాలుగు పనులు రాస్తాను: లెక్కలు, చూచిరాత, ఒడియా పాఠం చదవడం, ఏదో ఒక బొమ్మ. ఏది ముందు చేసుకోవాలన్నది వాళ్లిష్టం. ఒక పని అయ్యాక, తన పేరు రాసిన కొబ్బరి చిప్పలో ఒక చింతపిక్క వేసుకోవాలి. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేలోపు నాలుగు పిక్కలు పడాలి.

మొన్న ఇద్దరు తల్లులు వచ్చి "పాఠం చెప్పడం మానేసి పిల్లల్నే చేసుకోమంటున్నారట" అని నిలదీశారు. మనసు చివుక్కుమంది. తొమ్మిది, పదేళ్ల పిల్లలకి ఇంత స్వేచ్ఛ ఇవ్వడం తప్పంటారా?

గుణుపురం నాన్న:
టీచర్ గారూ, గౌరవంతోనే చెబుతున్నాను, ఇవ్వకూడదు. మావాడు నాలుగో తరగతి. వాళ్ల బడిలోనూ ఇలాంటిదే పెట్టారు. వారం పోయాక నోట్సు తెరిస్తే చూచిరాత ముత్యాల్లా ఉంది, భాగహారం ఒక్కటీ లేదు. అడిగితే "రేపు చేద్దామనుకున్నాను నాన్నా" అన్నాడు. ఐదు రోజులూ అదే రేపు. పిల్లల చేతికి వదిలేస్తే బెల్లం తిని కాకరకాయ పక్కన పెడతారు, అది వాళ్ల తప్పు కూడా కాదు.

నేను ఆటో నడుపుతాను. ఇంటికొచ్చేసరికి రాత్రి ఎనిమిది. బడిలో చేయించకపోతే ఇంట్లో చేయించేవాళ్లు లేరు. ఇప్పుడు తెలుగులో చదువుతున్నాడు, రేపు హైస్కూలుకి వెళ్తే అంతా ఒడియా. లెక్కల్లో ఇక్కడే వెనకబడితే అక్కడ అందుకోగలడా అని నాకు టెన్షన్.

బరంపురం రిటైర్డ్ మాస్టారు:
బాబూ, మీరు చూసింది నిజమే. కానీ ఒక లెక్క వేద్దాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. అంటే రోజుకి నాలుగు గంటలు. మూడు తరగతులకి ఒక్క టీచరైతే ఒక్కో తరగతికి దక్కేది గంటా ఇరవై నిమిషాలు. మిగతా రెండు గంటల నలభై నిమిషాలు మీవాడు ఎలాగూ టీచర్ లేకుండానే కూర్చోవాలి. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలా, తన పని తాను చేసుకోవాలా అన్నదే ప్రశ్న.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు పల్లె బడుల కోసం ఇలాంటి గదులకే ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొడతారు. ఏ కార్డు తర్వాత ఏది అన్నది గోడమీద నిచ్చెన పటంలో ఉంటుంది. పిల్లవాడు తన మెట్టు తానే చూసుకుని కార్డు తీసుకుంటాడు. కొందరు టీచర్ దగ్గర, కొందరు తోటి పిల్లలతో, కొందరు ఒంటరిగా కూర్చుంటారు. ఒక్కటి గమనించండి, అక్కడ మెట్టు దాటేసి పోవడం కుదరదు. మీవాడి బడిలో లేనిది ఆ నిచ్చెనే. వాడు పని తప్పించుకున్నా ఐదు రోజుల దాకా ఎవరూ చూడలేదు.

గుమ్మ వైపు టీచర్:
నా గదిలో చాలామంది ఇళ్లలో సవర అనే గిరిజన భాష మాట్లాడతారు. బోర్డు మీద రాసింది అర్థం కాని పిల్లకి "నీ ఇష్టం, ఎంచుకో" అంటే ఏం ఎంచుకుంటుంది? పక్కపిల్లని చూసి అదే చేస్తుంది. అందుకే నేను పని పక్కన బొమ్మ గీస్తాను, మాట సవరలోనూ చెబుతాను. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాచకాలు రాసి బడులు పెట్టింది ఇందుకే కదా.

ఇంకోటి. పిల్లలకి పని తెలుసు, అది ఎంతసేపు పడుతుందో తెలియదు. ఐదో తరగతి అమ్మాయి ఒకతె ఎప్పుడూ పనులు మిగిల్చేది. ఒకరోజు పలక మీద ముందుగా రాయమన్నాను. ఆరు లెక్కలకి "5 నిమిషాలు" అని రాసింది. గోడ గడియారం చూపించి మొదలుపెట్టమన్నాను. 22 నిమిషాలు పట్టింది. తను గడియారం వైపు, పలక వైపు రెండుసార్లు చూసి, 5 చెరిపేసి 22 రాసుకుంది. మర్నాడు ఏమీ చెప్పకుండానే లెక్కలు ముందు తీసింది. నేను నెల రోజులు మందలించినా రాని మార్పు అది.

పర్లాకిమిడి టీచర్:
పలక మీద రాయించడం నాకు తట్టలేదు, రేపే చేయిస్తాను. గుణుపురం అన్నయ్యా, మీ మాటా తీసుకుంటున్నాను. నాలుగింటిలో ఒక పనిని ఎర్ర సుద్దతో రాస్తాను, మొదటి పిక్క దానిదే కావాలి. మిగతా మూడూ వాళ్లిష్టం.

గుణుపురం నాన్న:
అలాగైతే కొంత నయం. ఎర్ర సుద్ద సంగతి మావాడి టీచర్‌తో మాట్లాడతాను. మూడు తరగతులకి ఒక్కరినే వేయడం మాత్రం నేను ఒప్పుకోను, అది మీ తప్పు కాదు. కానీ అమ్మా, పిక్క ఎవరైనా వేసుకోవచ్చు. నోట్సు చూసేదెవరు?

పర్లాకిమిడి టీచర్:
నిజమే. నిన్న ఒకడు ఏమీ రాయకుండానే రెండు పిక్కలు వేసేసుకున్నాడు. ఇకనుంచి నోట్సు చూసి నేనే ఇస్తాను.

బరంపురం రిటైర్డ్ మాస్టారు:
మీరే ఇస్తే మళ్లీ మీ బల్ల దగ్గర లైను కడతారమ్మా, పాత కథే మొదలవుతుంది. పక్కన కూర్చున్నవాడు నోట్సు చూసి పిక్క ఇవ్వాలి. మీరు సాయంత్రం ఎర్ర సుద్ద పని ఒక్కటి అందరిదీ చూడండి, పది నిమిషాలు చాలు.

పర్లాకిమిడి టీచర్:
సరే మాస్టారూ. సోమవారం నుంచి జతలుగా కూర్చోబెడతాను. ఆ ఇద్దరు తల్లులనీ ఒక పూట గదిలో కూర్చుని చూడమని పిలుస్తాను.