పెల్లెట్ పొయ్యి మంట తగ్గింది, ఎసరు తొందరగా మసలడం లేదు. ఎక్కడ చూడాలి?

దేవరకొండ మెస్:
అందరికీ నమస్కారం. మాది చిన్న మెస్. గ్యాస్ ఖర్చు భరించలేక రెండేళ్ల కింద పెల్లెట్ పొయ్యి, అంటే పొట్టును గట్టిగా నొక్కి చేసిన గింజల్లాంటి ముక్కలు (పెల్లెట్లు) కాల్చే పొయ్యి, పెట్టుకున్నాం. ఇన్నాళ్లూ 10 కిలోల బియ్యం ఎసరు 25 నిమిషాల్లో మసలేది. పదిహేను రోజులుగా 40 నిమిషాలు పడుతోంది. బుస్సుమని లేచే మంట ఇప్పుడు ఎర్రగా, పొడుగ్గా ఊగుతోంది. గంజు అడుగంతా మసి. పొయ్యి అమ్మినాయన బర్నర్ మొత్తం మార్చాలంటున్నాడు. మధ్యాహ్నం జనం వచ్చే టైముకు అన్నం దిగుతుందో లేదోనని రోజూ టెన్షనే.

జడ్చర్ల వెల్డింగ్:
అన్నా, బర్నర్ అప్పుడే మార్చకు. మసి పెరిగి మంట పొడుగైందంటే ముందు గాలినే అనుమానించాలి. ఈ పొయ్యికి గాలి రెండు దారుల్లో అందుతుంది. కింద జాలీ నుంచి వచ్చే గాలికి పెల్లెట్లు రాజుకుని గ్యాస్ విడుస్తాయి. పైన చుట్టూ ఉన్న సన్న రంధ్రాల గాలికి ఆ గ్యాస్ మండుతుంది. అందరూ కింది బూడిద దులిపి వదిలేస్తారు, పై వరస జోలికి పోరు. అది మూసుకుపోతే గ్యాస్ సగమే కాలి, మిగతాది పొగై పోతుంది. రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున టార్చి వేసి చూడు. సైకిల్ పుల్లతో ఒక్కో రంధ్రం పొడువు. వేడి మీద నీళ్లు మాత్రం పోయొద్దు, పోత ఇనుము పగులుతుంది.

మిర్యాలగూడ మిల్లు:
పెల్లెట్లు దేనివన్నా? మా దిక్కు రైస్ మిల్లులు ఎక్కువ కాబట్టి ఊక గురించి చెప్తాను. ఊక బరువులో దాదాపు ఐదో వంతు బూడిదే. 40 కిలోల సంచి కాలిస్తే 8 కిలోల దాకా బూడిద దిగుతుంది. శుభ్రమైన చెక్కపొట్టు అయితే రెండు శాతం లోపే. పాత సరుకు చెక్కపొట్టుదై, కొత్తది ఊకదైతే, జాలీ పూటకొకసారి దులపాల్సిందే. మట్టి కలిసిన సరుకైతే బూడిద కరిగి, చల్లారాక రాయిలా గట్టి ముద్ద కడుతుంది. అది జాలీకి అతుక్కుంటే గాలి ఆడదు.

దేవరకొండ మెస్:
పల్లిపొట్టు, చెక్కపొట్టు కలిపినవని చెప్పి ఇచ్చారు. ఇప్పుడే సంచి తిరగేసి చూశాను. పైన గింజలు బాగానే ఉన్నాయి, అడుగున నాలుగు వేళ్ల మందాన పొడే ఉంది. వర్షాలకు గోడ చెమ్మ పట్టింది, సంచులు దానికే ఆనించి ఉన్నాయి.

పాలమూరు హాస్టల్ వంట:
అయితే సగం దొరికినట్టే తమ్ముడూ. పెల్లెట్ విరిస్తే టక్కుమనాలి. చేతిలోనే నలిగి పొడైతే చెమ్మ తాగిందని లెక్క. అప్పుడు మంట వేడిలో కొంత ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. తెల్లటి పొగ వస్తోందా చూడు, అది చెమ్మ గుర్తు. పొడి పొయ్యిలో పడితే గింజల మధ్య సందులు కూడా మూస్తుంది. జల్లెడ పట్టి గింజలే వేయి. సంచుల కింద చెక్కలు పరిచి, గోడకు జానెడు దూరం పెట్టు.
పొయ్యికి గాలి కొట్టే ఫ్యాన్ కూడా విప్పించు. మా హాస్టల్లో ఓసారి ఇట్లనే అయితే రెక్కలకు నూనె జిడ్డు, పిండి కలిసి అట్టలా పట్టి ఉంది. ప్లగ్గు పీకి, చాకుతో గీకితే గాలి మారిపోయింది.

వనపర్తి క్యాటరింగ్:
ఫ్యాన్ రెగ్యులేటర్ ఫుల్లు తిప్పితే సరిపోదా? మేం అట్లనే చేస్తాం.

జడ్చర్ల వెల్డింగ్:
అది వద్దు బాబాయ్. గాలి మరీ ఎక్కువైతే వేడి గంజుకు అందకముందే పక్కల నుంచి కొట్టుకుపోతుంది. నిప్పురవ్వలు లేస్తాయి, పెల్లెట్లూ తొందరగా అయిపోతాయి. మంట గంజు అడుగంతా పరుచుకోవాలి, అంచులు దాటి పైకి ఎక్కొద్దు. ఫుల్లు తిప్పినా ఫ్యాన్ మెల్లగానే తిరిగితే, దాని మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు, లేదా సాయంత్రం వోల్టేజీ పడిపోతుండొచ్చు.

నకిరేకల్ అక్క:
తమ్ముడూ, ఇంకో మాట, దయచేసి వినండి. మంట సరిగా లేని పొయ్యిని షట్టర్ దించి లోపల వెలిగించొద్దు. సగం కాలిన నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటికి రావాలి. రాత్రి వంటగదిలో పడుకునే పిల్లగాళ్లుంటే పొయ్యి పూర్తిగా చల్లారిందో లేదో చూసుకోండి. గంజు మసి కూడా రోజూ తోమించు, మసి పొర వేడిని లోపలికి పోనివ్వదు.

దేవరకొండ మెస్:
మీ అందరి మాటా విన్నాను. పై వరసలో 24 రంధ్రాలుంటే 15 పూర్తిగా మూసుకుపోయాయి. జాలీ మీద అరచేయంత గట్టి ముద్ద దొరికింది, సుత్తితో మెల్లగా కొడితే ఊడింది. పెల్లెట్లు జల్లించి వేశాం. ఇవాళ ఎసరు 28 నిమిషాలకు మసిలింది. బర్నర్ కొనడం లేదు. అక్కా, పిల్లగాళ్ల పడక ముందు గదిలోకి మార్పించాను. ఫ్యాన్ ఇంకా గుర్రుమంటూ మెల్లగానే ఎత్తుకుంటోంది. రేపు పాత కెపాసిటర్ విప్పి షాపుకు తీసుకుపోతాను, దాని మీదున్న నంబరుదే తేవాలి కదా అన్నా?

జడ్చర్ల వెల్డింగ్:
అవును, అదే నంబరుది. విప్పాక రెండు తీగలూ చేతితో ముట్టుకోకు, అందులో కరెంటు నిలిచి ఉండొచ్చు. కరెంటాయనతోనే విప్పించు.