నోరు తెరుచుకోని రోగికి ముక్కు ద్వారా ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయడం): ఏ పద్ధతితో మొదలుపెట్టాలి?

ప్రశ్న (జిల్లా ఆసుపత్రిలో మత్తు వైద్యుడు):
పదిహేనేళ్లుగా గుట్కా నములుతున్న 42 ఏళ్ల వ్యక్తికి వచ్చే గురువారం బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్ ఉంది. సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ వల్ల బుగ్గలు చెక్కలా బిగుసుకుపోయి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 8 మి.మీ. సందు మాత్రమే మిగిలింది. చిటికెన వేలు కూడా దూరదు. బరువు 50 కిలోలు, మెడ బాగానే వంగుతోంది. మా దగ్గర పాత ఫైబర్‌ఆప్టిక్ స్కోప్ (గొంతు లోపలిని చూపే, వంగే సన్నని గొట్టం) ఉన్నది కానీ, దానితో నేను చేసిన కేసులు పదికి మించవు. బ్లైండ్ నేసల్ (లోపలికి చూడకుండానే ముక్కు ద్వారా ట్యూబ్ తోయడం) మాత్రం పీజీ రోజుల నుంచి అలవాటున్న పని. ముందు అది ప్రయత్నించి, కుదరకపోతే స్కోప్ తీసుకోవచ్చా? వీడియో లారింగోస్కోప్ (నోటి గుండా పెట్టే కెమెరా బ్లేడు), రెట్రోగ్రేడ్ (మెడలోంచి తీగను పైకి పంపి దాని మీదుగా ట్యూబ్ దింపే) పద్ధతుల గురించి కూడా తెలియజేయగలరు.

సమాధానం 1:
సార్, ఆ వరుసను తలకిందులు చేయండి. స్కోప్‌కు పనికొచ్చేది రక్తం లేని ముక్కు, రక్తం లేని గొంతు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి రోగికే మూడుసార్లు బ్లైండ్‌గా ట్యూబ్ తోసి, ఆ తరువాత స్కోప్ పెట్టి చూస్తే తెర మొత్తం ఎర్రగా కనిపించింది తప్ప స్వరపేటిక జాడ దొరకలేదు. చివరికి రోగి మెలకువగా ఉండగానే ట్రాకియాస్టమీ (మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం పెట్టడం) చేయించవలసి వచ్చింది. మొదటి ప్రయత్నాన్ని స్కోప్‌కే కేటాయించాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం అదే.

వీడియో లారింగోస్కోప్ ఎంత మంచిదైనా దాని బ్లేడు పళ్ల మధ్య పట్టాలి, అవసరమైతే ట్యూబ్‌ను పట్టి నడిపే మేగిల్ ఫోర్సెప్స్ కూడా దూరాలి, 8 మి.మీ. సందులో ఆ ఆలోచన వదులుకోవడమే మేలు. రెట్రోగ్రేడ్‌లో మెడ ముందు భాగంలోని క్రికోథైరాయిడ్ పొర గుండా పైకి పంపిన తీగ ముక్కులోంచే బయటికి వస్తుందన్న నియమమేమీ లేదు. అది నోట్లో చుట్టుకుంటే, ఆ కాస్త సందులోంచి పట్టి లాగడం మరో యుద్ధం.

రోగిని నిద్రపుచ్చకండి, కండరాలు సడలించే మందు అసలే ఇవ్వకండి. ముందుగా లాలాజలం ఆరడానికి గ్లైకోపైరోలేట్ 0.2 మి.గ్రా. ఇచ్చి, రక్తనాళాలు ముడుచుకునేందుకు రెండు ముక్కుల్లోనూ జైలోమెటజోలిన్ చుక్కలు వేయండి. తొందర కేసుల్లో లాలాజలం ఆరకముందే స్కోప్ పెట్టి, తరువాత స్కోప్‌ను తిట్టుకోవడం మనందరికీ అలవాటే. తిమ్మిరెక్కించే మందు లిగ్నోకైన్ మొత్తం కిలోకు 9 మి.గ్రా. మించకూడదని 2019 నాటి బ్రిటిష్ మార్గదర్శకాలు చెబుతున్నాయి; మీ రోగికి అది 450 మి.గ్రా. 4 శాతం మందు 4 మి.లీ. నెబ్యులైజేషన్‌లో 160, శ్వాసనాళంలోకి సూదితో ఇచ్చే 2 మి.లీ.లో 80, స్కోప్ గుండా చల్లే 2 శాతం 5 మి.లీ.లో 100, పది శాతం స్ప్రే నాలుగు నొక్కుల్లో 40, మొత్తం 380. మిగిలింది 70 మాత్రమే. ట్యూబ్‌కు రాసే జెల్లీలోనూ లిగ్నోకైన్ ఉంటుంది కాబట్టి దాన్నీ లెక్కలో వేసుకోండి.

సమాధానం 2:
పై డాక్టరు గారి మాట సబబే, కానీ బ్లైండ్ పద్ధతిని పూర్తిగా పక్కన పెట్టేయవద్దని నా మనవి. స్కోప్ మధ్యలో మొరాయిస్తే చేతిలో మిగిలేది అదే. రోగి సొంతంగా ఊపిరి తీస్తుండగా ట్యూబ్ చివర కాప్నోగ్రాఫ్ (ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపే యంత్రం) తగిలించండి. స్వరపేటిక దగ్గరపడే కొద్దీ గీత ఎత్తు పెరుగుతుంది. ట్యూబ్ మాటిమాటికీ అన్నవాహికలోకే పోతుంటే, గొంతులో ఉండగా కఫ్‌లో (ట్యూబ్ కొన దగ్గరి గాలి బుడగలో) 15 మి.లీ. గాలి నింపండి. కొన ముందుకు లేచి స్వరపేటిక వైపు తిరుగుతుంది. అక్కడ అడ్డు తగలగానే గాలి తీసేసి, రోగి ఊపిరి లోపలికి పీల్చే క్షణంలో లోపలికి జరపాలి. రెండు ప్రయత్నాలు చాలు, మూడోది వద్దు. ఈఎన్‌టీ సర్జన్ చేతులు కడుక్కుని, ట్రాకియాస్టమీ ట్రే తెరిచి పక్కనే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. గురువారం స్కోప్‌తోనే మొదలుపెట్టాను. వెచ్చని సెలైన్‌లో మెత్తబరచిన 6.5 సైజు ఫ్లెక్సోమెటాలిక్ (లోహపు తీగచుట్ట ఉన్న, వంగే) ట్యూబ్‌ను ముందే స్కోప్‌పై ఎక్కించి ఉంచాను. కుడి ముక్కు అడుగు భాగం వెంట పోతే స్వరతంత్రులు తేలిగ్గానే కనిపించాయి, స్కోప్ శ్వాసనాళంలోకి దిగింది. ట్యూబ్ మాత్రం ఎంత నెట్టినా ముందుకు పోలేదు. కొంచెం వెనక్కి లాగి, 90 డిగ్రీలు అపసవ్య దిశలో తిప్పగానే జారిపోయింది. స్వరపేటికలోని కుడి ఆరిటినాయిడ్ మృదులాస్థికి తట్టుకుని ఆగినట్టుంది. కెరీనా (శ్వాసనాళం రెండుగా చీలే చోటు) కనిపించాక, కాప్నోగ్రాఫ్ గీత చూశాకే మత్తు ఇచ్చాను. ఇప్పుడు రోగి వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఫ్లాప్ (కోసిన చోట అతికిన కణజాలం) వాపు బాగా ఉంది. రేపు ఉదయం ట్యూబ్ తీసేయవచ్చా?

సమాధానం 1:
వాపు తగ్గేదాకా తీయకండి. తీసేనాడు రోగి పూర్తి మెలకువలో ఉండాలి, కఫ్ గాలి తీసినప్పుడు ట్యూబ్ పక్క నుంచి ఊపిరి శబ్దం వినిపించాలి. ట్యూబ్ గుండా ఎయిర్‌వే ఎక్స్‌ఛేంజ్ కాథెటర్ (మళ్లీ ట్యూబ్ వేయడానికి దారి చూపే సన్నని గొట్టం) దింపి, దాన్ని లోపలే ఉంచి ట్యూబ్ లాగండి. నోరు ఇంకా 8 మి.మీ.లే కాబట్టి మళ్లీ ఇంట్యుబేషన్ అవసరమైతే మీకున్న దారి అదొక్కటే. ఆ రోజు కూడా సర్జన్‌ను పక్కనే ఉంచుకోండి.