వేట నిషేధం మీద 22 ఇంటర్వ్యూలు చేశాను. ఏఐకి ఎంతవరకు అప్పగించవచ్చు?

ప్రశ్న:
విశాఖలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం కదా. ఆ రెండు నెలలూ ఇల్లెలా గడుస్తుందని జాలరిపేటలో, ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మే ఆడవాళ్లను అడిగాను. 22 ఇంటర్వ్యూలు, ఒక్కోటి దాదాపు గంట. అంతా మన ఉత్తరాంధ్ర యాసే. టైప్ చేయడానికే నెలలు పట్టేలా ఉంది. ఆడియో మొత్తం చాట్‌బాట్‌కి ఇచ్చేస్తే థీమ్స్ (పదేపదే వచ్చే ముఖ్యాంశాలు) కూడా అదే తీసిస్తుందని ఫ్రెండ్ అంటోంది. గైడ్‌ని అడగాలంటే టెన్షన్‌గా ఉంది. చేయొచ్చా?

జవాబు:
ముందు ఆ ఆడియోను ఎక్కడా అప్‌లోడ్ చేయకండమ్మా. మీ అంగీకార పత్రంలో ఏఐ మాట ఉందా? లేకపోతే మళ్లీ వెళ్లి అడగాలి. సంతకం కాదు ముఖ్యం, "మీ గొంతు కంప్యూటర్‌తో రాయిస్తాను, ఫర్వాలేదా" అని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం ముఖ్యం. వద్దన్నవాళ్లవి చేత్తోనే రాసుకోండి.

టైపింగ్ భారం తగ్గించుకోవడంలో తప్పేమీ లేదు. విస్పర్ అని, ఆడియోలోని మాటల్ని అక్షరాల్లోకి మార్చే, 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసిన ఉచిత మోడల్ ఉంది. దాన్ని మీ కంప్యూటర్‌లోనే, నెట్ లేకుండా నడపొచ్చు. తెలుగుకి పెద్ద మోడలే కాస్త నయం, దానికి సుమారు 10 జీబీ గ్రాఫిక్స్ మెమరీ కావాలి. డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో అలాంటి సిస్టమ్ ఉందేమో కనుక్కోండి. అయితే వచ్చింది చిత్తుప్రతి మాత్రమే. ఆడియో వింటూ ప్రతి లైనూ సరిచూసుకోవాల్సిందే.

ఎందుకంటే, మా ప్రాజెక్టులో ఒకావిడ "ఏట నేదు, ఏటి సేత్తాం" అంది. సాఫ్ట్‌వేర్ దాన్ని "ఏటా లేదు" అని రాసింది. వేట లేదన్న మాట ప్రతి ఏడూ లేదన్నట్టు మారిపోయింది. ఇంకో చోట అప్పు గురించి అడిగితే ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక కెరటాల చప్పుడు ఒక్కటే. అక్కడ ఆవిడ అననే అనని వాక్యం ఒకటి వచ్చి కూర్చుంది. నిశ్శబ్దం ఉన్నచోట ఈ టూల్స్ మాటలు కల్పించడం మామూలే. మన పనిలో ఆ మౌనమే అసలు డేటా. అందుకే "మౌనం, 20 సెకన్లు" అని మీరే రాసుకోవాలి.

జవాబు:
పేర్లు తీసేస్తే చాలనుకోకండి. 2023 నవంబరులో హార్బర్‌లో అగ్నిప్రమాదం జరిగి బోట్లు కాలిపోయాయి. "బోటు కాలిపోయింది, ఇద్దరు కూతుళ్లు, ఫలానా వీధి" అని ఉంటే పేటలో ఎవరైనా ఇట్టే పోల్చేస్తారు. వీధి, బోటు నంబరు, వడ్డీకిచ్చినవాళ్ల పేరు అన్నీ మార్చాకే ఆ టెక్స్ట్ బయటి టూల్‌కి ఇవ్వాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ మేడమ్. మరి కోడింగ్, అంటే ఏ మాట ఏ అంశం కిందికి వస్తుందో గుర్తులు పెట్టడం, దాని సంగతి? ఆ పనికి వాడే అట్లాస్ టీఐ, మ్యాక్స్‌క్యూడీఏ సాఫ్ట్‌వేర్లలో కూడా ఇప్పుడు ఏఐ ఉందంటున్నారు.

జవాబు:
ఉంది. కానీ మొదటి ఐదారు ఇంటర్వ్యూలు మీరే చదివి, మీరే కోడ్ చేయండి. "థీమ్స్ చెప్పు" అని అడిగితే "ఆర్థిక ఇబ్బందులు, కుటుంబ మద్దతు" అంటుంది. అది చెప్పడానికి హార్బర్‌కి వెళ్లక్కర్లేదు కదా! తెల్లవారుజామున వేలంపాటలో బుట్ట ఖాళీగా పట్టుకుని నిలబడిన మనిషిని చూసింది మీరు.

మీ కోడ్‌లు స్థిరపడ్డాక ఏఐని రెండో పాఠకురాలిగా వాడుకోండి. నేనైతే ఇలా అడుగుతాను: "నిషేధ కాలంలో అప్పు పెరుగుతుందని నా వాదన. దీనికి విరుద్ధంగా ఉన్న మాటలు ఈ పాఠంలో ఉంటే, ఉన్నవి ఉన్నట్టు లైన్ నంబర్లతో చూపించు." ఇచ్చిన ప్రతి మాటనూ మీ ఫైల్‌లో సెర్చ్ చేసి చూడండి. దొరకలేదంటే అది కల్పించిందే.

ఏ టూల్, ఏ వెర్షన్, ఏ తేదీన, ఏం అడిగారు అన్నది నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. థీసిస్‌లో పద్ధతుల అధ్యాయంలో అది రావాలి. గైడ్‌కి ఇప్పుడే చెప్పేయండి, వైవాలో బయటపడటం కంటే అదే మేలు.

ప్రశ్న అడిగినవారు:
గైడ్‌తో మాట్లాడాను, ల్యాబ్ సిస్టమ్ వాడుకోమన్నారు. నిన్న మళ్లీ పేటకి వెళ్లాను. పద్నాలుగు మంది సరే అన్నారు, ఐదుగురు వద్దన్నారు, ముగ్గురు ఇంకా దొరకలేదు. ఆ ఐదూ ఈ రాత్రి నుంచే చేత్తో మొదలుపెడుతున్నాను.